ఒక చిన్న డౌట్

మమ్మల్ని చూడటానికి పామర్‌స్టన్ నార్త్ నుంచి వచ్చిన నాన్న మొన్న మంగళవారం మా హాల్లో నేల మీద కూర్చుని, నాలుగేళ్ళ మా తారకి చెక్క దిమ్మలతో వంతెన కట్టి చూపిస్తున్నాడు. నేను వంటింట్లో కాకరకాయలు తరుగుతూ వాళ్ళిద్దర్నీ చూస్తున్నాను. "ఇది పడదు చూడు, నువ్వెక్కి గెంతినా పడదు" అన్నాడు నాన్న. తార వంతెనని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఐ డౌట్ ఇట్, తాతా" అంది. కిండర్‌గార్టెన్‌లో ఎవరి దగ్గర పట్టుకుందో ఆ మాట. నాన్న పగలబడి నవ్వాడు. "విన్నావా అమ్మలూ, దీనికి నా మీద డౌటంట." తర్వాత నవ్వు తగ్గించి, దిమ్మలు సర్దుతూ, నాతో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు, "మనింట్లో ఆడవాళ్ళందరికీ అంతేలే" అన్నాడు.

ఆ మాట హాస్యానికే అన్నాడు. కానీ అందులో అమ్మ ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట మా ఇంటికొచ్చిన ఒక ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం రావడంలో నా పాత్ర ఉందని మాత్రం నాన్నకి అప్పటికి తెలియదు. కాకరకాయ చక్రాలు ఒకటి లావుగా, ఒకటి సన్నంగా తెగుతుంటే కత్తి పక్కన పెట్టేశాను.

మా ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగం కోసం వెల్లింగ్టన్‌లో ఉంటాడు. తార పడుకున్నాక ఈ హాబ్సన్‌విల్ ఇంట్లో నేను చేసే పనులకి ఒక వరస ఉంది. గ్యారేజీ తలుపు, వెనక తలుపు, స్టవ్, మళ్ళీ గ్యారేజీ తలుపు. ఆ తర్వాత తార ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం. నాలుగేళ్ళ పిల్లకి ఎవరైనా ఊపిరి చూస్తారా అని మా ఆయన నవ్వుతాడు. ఈ వారం ఆ వరస అయిపోయాక కూడా నిద్ర పట్టక, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

మేము న్యూజిలాండ్ వచ్చేటప్పటికి నాకు పద్నాలుగు నిండాయి. అమ్మ నర్సు. ఆవిడ ఉద్యోగం మీదే మా ముగ్గురికీ వీసాలు వచ్చాయి. పామర్‌స్టన్ నార్త్‌లో, ఆస్పత్రికి సైకిలు దూరంలో, ఒక పాత చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఊరంతా చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. దూరంగా కొండ మీద తెల్లటి గాలిమరలు తిరుగుతూ ఉంటాయి, ఇక్కడ పెరట్లో స్తంభానికి గొడుగులా కట్టిన బట్టలారేసే తీగ కూడా అదే గాలికి గిర్రున తిరుగుతూ ఉంటుంది. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాలకి లోపలి వైపు నీళ్ళు కారుతుండేవి. స్కూలుకి వెళ్ళేముందు పాత తువ్వాలు పెట్టి ఆరు కిటికీలు తుడవడం నా పని. హీటరు ఒక్కటే ఉండేది, అది హాల్లో. చదువు, తిండి, బట్టలు మడత పెట్టడం, ప్రార్థన, అన్నీ దాని ముందే. ఇప్పుడు మా ఇంట్లో గదికో హీటరు ఉంది, ఎవరి గదిలో వాళ్ళు వెచ్చగా ఉంటాం. మా ముగ్గురి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతూ అన్నం తిన్న ఆ హాలు నాకు తరచుగా గుర్తొస్తుంటుంది, చలితో సహా.

ఫ్రిజ్ మీద అమ్మ డ్యూటీ కాగితం అంటించి ఉండేది. మా ఇంట్లో వారం ఎలా గడవాలో ఆ కాగితమే చెప్పేది. నైట్ డ్యూటీల వారం వస్తే పగలంతా గుసగుసలే. కుక్కర్ విజిల్ రాకముందే దించెయ్యాలి. తలుపు గొళ్ళెం రెండు చేతులతో పట్టుకుని వెయ్యాలి. టీవీ మాట వినపడకుండా, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూడాలి. నా ఇంగ్లిషు స్కూల్లో కంటే ఆ అక్షరాల దగ్గరే ఎక్కువ బాగుపడిందనుకుంటాను.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళు లేత్ మిషను మీద పనిచేసినవాడు. షెడ్డులో అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. చిన్నప్పుడు ఆదివారం చర్చి అయ్యాక నన్ను స్కూటర్ మీద షెడ్డుకి తీసుకెళ్ళి చేతికొక అయస్కాంతం ముక్క ఇచ్చేవాడు. లేత్ కింద పడిన ఇనుప రజను, మెలికలు తిరిగిన చీలికలు దానికి అంటించి పోగు చెయ్యడం నా ఆట. పామర్‌స్టన్‌లో ఆయన చదువుకి, అనుభవానికి కాగితాలు చాల్లేదు. తెల్లవారుజామున ఒక సూపర్‌మార్కెట్‌లో నేల తుడిచే పని దొరికింది. ఆరున్నరకి ఇంటికొచ్చేవాడు. ఇక రోజంతా ఆయన చేతులకి పనిలేదు. ఇంట్లో కత్తులన్నిటికీ పదును పెట్టాడు. కారని కుళాయి విప్పి మళ్ళీ బిగించాడు. ఇంటి ఓనరు గేటు బందులకి అడక్కుండానే గ్రీజు పెట్టాడు. అక్కడ పనిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ 'మేట్' అనేవాళ్ళు. మేస్త్రీకీ మేట్‌కీ ఎక్కువ తేడా లేదులే అని నవ్వేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న పెరట్లో కంచెకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. అవతల షెడ్డులోంచి గుర్రుమని చప్పుడు. "ఏంటి నాన్నా?" అంటే వేలు పెదవి మీద పెట్టాడు. "లేత్. బేరింగ్ పోతోంది. ఇంకో వారం తిప్పితే మొత్తం పోద్ది." ఆ ఇల్లు రాన్ అనే పెద్దాయనది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. అప్పటిదాకా చెయ్యెత్తి పలకరించడం తప్ప మాటల్లేవు. నాన్న చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, చుట్టూ తిరిగి వాళ్ళ గేటు దగ్గరికెళ్ళి, "ఎక్స్‌క్యూజ్ మీ సర్, యువర్ లేత్, బేరింగ్ నాట్ గుడ్" అన్నాడు. రాన్ ఆయన్ని పైనుంచి కిందకి చూసి, షెడ్డు తలుపు పూర్తిగా తెరిచాడు.

వాళ్ళిద్దర్నీ కలిపింది ఒక్క మాట. థౌ. అంగుళంలో వెయ్యో వంతు. ఆటోనగర్‌లో నాన్న "రెండు థౌ తియ్యరా, మూడు థౌ ఉంచు" అని అరుస్తుంటే అది తెలుగు మాటే అనుకునేదాన్ని. రాన్ కూడా అదే అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాన్న మొహం ఎలా ఉందో నేను చూడలేదు. ఇంటికొచ్చి అమ్మతో, "వాళ్ళూ థౌ అనే అంటారు కరుణా" అని రెండుసార్లు చెప్పాడు. అమ్మ యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ, "అయితే మీకు ఇంగ్లిషు వచ్చేసినట్టే" అంది.

రాన్‌కి తుపాకుల పిచ్చి. వేటకంటే తయారీ మీదే ఎక్కువ. పాత సైన్యం రైఫిళ్ళు ఎక్కడైనా దొరికితే కొని, చెక్క మార్చి, బరువు తగ్గించి, ట్రిగ్గర్ మెత్తగా కదిలేలా సరిచేసి, కొత్తగా తయారు చేసుకునేవాడు. షెడ్డులో ఇనుప బీరువా, ఇనుము బిగించి పట్టే, తోలు తొడుగు వేసిన వైసు, గోడ నిండా ఆకురాళ్ళు, ఒక మూల ఎత్తుగా పాత పత్రికలు. నాన్న అంతకుముందు తుపాకీ చూసింది బ్యాంకు గార్డు భుజం మీదే. మూడు వారాలు షెడ్డుకి వెళ్ళాడు గానీ దాన్ని ముట్టుకోలేదు. లేత్ బాగుచేశాడు, బోల్టులు తిప్పాడు. నాలుగో వారం రాన్ ఒక వాల్‌నట్ దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, పాత రైఫిలొకటి విప్పి, దాని చెక్క పురుగు తిన్నదని చూపించాడు. కొత్త చెక్క నువ్వు చెయ్యి అన్నాడు.

లైసెన్సు ఉన్న మనిషి పక్కనే ఉంటే లేనివాళ్ళు ముట్టుకోవచ్చని అక్కడి నియమం. తుపాకీ ఇనుప భాగాలు రాన్ బీరువాలోనే ఉండేవి. చెక్క ఒక్కటీ నాన్న ఇంటికి తెచ్చుకునేవాడు. ఇనుముకి దీపం మసి పట్టించి చెక్కలో కూర్చోబెట్టి తీస్తే, ఎక్కడెక్కడ తగులుతోందో అక్కడ నల్ల మచ్చ పడుతుందట. ఆ మచ్చ మేరకే గీకాలి. మళ్ళీ మసి, మళ్ళీ గీకడం. వందసార్లు. "తలుపుకి చౌకట్టు కూర్చున్నట్టు కాదు, కంటికి రెప్ప కూర్చున్నట్టు కూర్చోవాలి" అనేవాడు. గీకడం అయ్యాక నెలల తరబడి నూనె. సాయంత్రం నాలుగింటికి లాండ్రీ గదిలో పేపరు పరుచుకుని, అవిసె నూనె అరచేతిలో వేసుకుని చెక్కకి రుద్దుతూ కూర్చునేవాడు. ఆ వాసన మా బట్టలకి, తువ్వాళ్ళకి, చివరికి పెరుగుకి కూడా పట్టింది. అమ్మ దగ్గర ఆస్పత్రి సబ్బు వాసన, నాన్న దగ్గర అవిసె నూనె వాసన. ఇప్పటికీ ఎక్కడైనా చెక్క సామాన్ల షాపులోకి వెళ్తే ఒక్క క్షణం నాకు ఇల్లు గుర్తొస్తుంది.

"ఇల్లంతా పెయింటు కొట్టులా ఉందండీ" అనేది అమ్మ.

"నీ ఫినాయిలు కంటే నయం."

"నా ఫినాయిలే మనకి అన్నం పెడుతోంది" అనేది. నాన్న రుద్దడం ఆపేవాడు కాదు.

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. నర్సులు, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళు, నాలుగైదు తెలుగు కుటుంబాలు. వాళ్ళలో సువార్త ఆంటీ నోటికి అడ్డు లేదు. "బ్రదర్ గారూ, పాటల పుస్తకం పట్టుకునేముందు చేతులు కడుక్కోండి, పేజీలన్నీ నూనె. అయినా ఆ తుపాకీతో ఎవర్ని కొడతారండీ, జింకనా, మమ్మల్నా?" నాన్న తల దించుకునే, "మీరు పల్లవి మూడోసారి ఎత్తుకున్నప్పుడు ఆలోచిస్తా సిస్టర్" అన్నాడు. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వింది. కానీ ఆ నవ్వు అయ్యాక ఇద్దరు అంకుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మనవాళ్ళలో తుపాకీ అంటే పోలీసులది, లేకపోతే పోలీసులు వెతికేవాళ్ళది. దాన్ని కుట్టుమిషనులా విప్పి, తుడిచి, దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనుషులుంటారని అక్కడ ఎవరికీ తెలియదు. ఒక్క నాన్నకి తప్ప.

శనివారాలు రాన్ ఆయన్ని ఊరి బయట షూటింగ్ మైదానానికి తీసుకెళ్ళేవాడు. అక్కడ కాగితం గుర్తులు తప్ప ప్రాణమున్నదేదీ కొట్టలేదు నాన్న. చిల్లులు పడిన కాగితాలు తెచ్చి లాండ్రీ గోడకి అంటించి, చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం కొలిచి పక్కన పెన్సిలుతో రాసుకునేవాడు. వాళ్ళ మాటలు నాకు కంచె మీంచి వినపడేవి. ట్రిగ్గర్ బరువెంత, గొట్టం చెక్కకి తగలకుండా ఎంత సందు వదలాలి, టెలిస్కోపు మంచిదా ఉత్త కన్ను మంచిదా. ఆ చివరి విషయం మీద ఏడాదిపాటు తెగలేదు. నాన్న ఇంట్లో అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తుపాకీ చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకునే మఫ్‌లు రాన్ ఒక పాత జత ఇస్తే నాన్న అమ్మకిచ్చాడు. నైట్ డ్యూటీ చేసొచ్చి, పగలు అవి పెట్టుకుని పడుకునేది అమ్మ, విమానం నడిపే మనిషిలా. నేను హాల్లో మూగ టీవీ ముందు కూర్చునేదాన్ని. స్కూల్లో నాకింకా స్నేహితులు లేరు. శనివారం పొద్దున రాన్ బండి తలుపు వేసిన చప్పుడు దగ్గర్నుంచి, సాయంత్రం మళ్ళీ తీసిన చప్పుడు దాకా, నేను ఒక్క మాట కూడా పైకి అనని రోజులున్నాయి. నాన్న నన్ను రమ్మని ఒకసారి అడిగాడు. నేను రానన్నాను. ఇంకోసారి అడుగుతాడని చూశాను. అడగలేదు.

స్కూలు సంగతి ఇక్కడే చెప్పాలి. చేరిన మొదటి నెలలో లెక్కల క్లాసులో చెయ్యెత్తి, "మిస్, ఐ హావ్ ఎ డౌట్" అన్నాను. విజయవాడలో రోజుకి పదిసార్లు అనే మాట. టీచరు మర్యాదగానే, "దేని మీద? నా లెక్క మీదా?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీలోంచి "షి డౌట్స్ ఇట్" అనేవాళ్ళు. ఇక్కడ డౌట్ అంటే ప్రశ్న కాదు, నమ్మకం లేకపోవడం అని ఆ నెలలో నేర్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా.

రెండో చలికాలం ముగిసేటప్పుడు రాన్ ఇల్లమ్మేసి సౌత్ ఐలాండ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాడు. బీరువాలోవన్నీ ఒక్కొక్కటే అమ్ముతున్నాడు. వాల్‌నట్ చెక్క రైఫిలు మాత్రం నాన్నదేనన్నాడు. చెక్క నీది, పని నీది, కాబట్టి తుపాకీ నీది. నీ చేతిలో పెట్టాలంటే నీకు లైసెన్సు ఉండాలి అన్నాడు. నాన్న దరఖాస్తు పెట్టాడు. భద్రత నియమాల పుస్తకం నేనే చదివి అర్థం చెప్పాను. ఏ తుపాకీలోనైనా గుండు ఉన్నట్టే భావించాలి, దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినట్టు చేశాడు. పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. తుపాకీ దాచడానికి రాన్ షెడ్డులో నాన్నే ఇనుప పెట్టె వెల్డింగ్ చేసి తెచ్చి, ఓనరు అనుమతి తీసుకుని అల్మరాలో గోడకి బోల్టులతో బిగించాడు. ఇక మిగిలింది ఇంటికొచ్చి చూసి, భార్యతో మాట్లాడే తనిఖీ.

పోలీసుల తరఫున తనిఖీకి వచ్చినాయన అరవై దాటిన మనిషి, నెమ్మదస్థుడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాడు. ఇనుప పెట్టె చూసి వెల్డింగ్ ఎవరిదని అడిగి, తల ఊపాడు. అమ్మ టీ పెట్టింది, ఇంట్లో చేసిన పప్పు చెక్కలు ప్లేట్లో పెట్టింది. ఇక మీ భార్యతో విడిగా మాట్లాడాలి అంటే నాన్న పెరట్లోకి వెళ్ళి బట్టల తీగ కింద నిలబడ్డాడు. నన్ను అమ్మ పక్కన కూర్చోమంది, తోడుగా. ఆయన వరసగా అడిగాడు. తాగుతాడా, కోపమొస్తే ఏం చేస్తాడు, దిగులుగా ఉంటాడా, ఇంట్లో తుపాకీ ఉండటం మీకు ఇబ్బందేమైనా ఉందా. అమ్మ డాక్టరుకి జవాబు చెప్పినట్టు చెప్పింది. "నో సర్. గుడ్ మ్యాన్ సర్. నో ప్రాబ్లం." ఆయన సంతకానికి కాగితం తిప్పుతుంటే, అమ్మ చీర కొంగు సవరించుకుని, కొంచెం సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "బట్ సర్, ఐ హావ్ వన్ డౌట్" అంది.

ఆయన కాగితం తిప్పడం ఆపాడు. "మీకు డౌట్ ఉందా?"

"యెస్ సర్. స్మాల్ డౌట్ ఓన్లీ."

ఆయన కిటికీలోంచి నాన్నని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. గొంతు తగ్గించి, పిల్ల ముందు మీరేం చెప్పనక్కర్లేదు, నాకర్థమైంది, పర్వాలేదు అన్నాడు. చాలా దయగా అన్నాడు. కాగితం మీద రెండు వరసలు రాశాడు. ఒక ఫోను నంబరు రాసి, ఎప్పుడైనా చెయ్యండి అని అమ్మ చేతికిచ్చాడు. అమ్మ అయోమయంగా థ్యాంక్యూ అంది. ఆయన బూట్లు వేసుకునేదాకా నాకు సమయముంది. 'షి మీన్స్ ఎ క్వశ్చన్' అంటే సరిపోయేది. నాలుగు మాటలు. వాక్యం నా నోట్లో తయారుగా ఉంది, వ్యాకరణంతో సహా. నేను చెక్కల ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టాను.

భయమేసిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తుపాకీ ఇంటికొస్తే ఏమవుతుందో అని. నిజానికి నాకు తుపాకీ అంటే భయం లేదు. నాకు శనివారాలు కావాలి. రాన్ వెళ్ళిపోతున్నాడు, ఆ తుపాకీ కూడా లేకపోతే నాన్న ఇంట్లో ఉంటాడు, మళ్ళీ నాకొక అయస్కాంతం ముక్క ఇస్తాడు అనుకున్నానేమో.

"అడుగుదామంటే వినకుండానే వెళ్ళిపోయాడేంటే?" అంది అమ్మ.

"ఏమో" అన్నాను.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఇంట్లోవాళ్ళు వ్యక్తం చేసిన ఆందోళన దృష్ట్యా ప్రస్తుతానికి లైసెన్సు ఇవ్వలేమని. అందులో డౌట్ అనే మాట లేదు, వేరే పెద్ద మాట ఉంది. అందుకే ఇద్దరికీ తట్టలేదు. నాన్న హీటరు ముందు నిలబడి మూడుసార్లు చదివాడు.

"ఏం చెప్పావు కరుణా?"

"ప్రాబ్లం లేదనే చెప్పానండీ. అమ్మలు పక్కనే ఉంది, అడగండి."

నాన్న నా వైపు తిరిగాడు. నేను, "ప్రాబ్లం లేదనే చెప్పింది నాన్నా" అన్నాను. అది అబద్ధం కాదు. నాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే కాగితం అబద్ధమాడుతోంది" అన్నాడు. అమ్మ సైకిలు తాళం తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చని రాన్ ఎంతో చెప్పాడు, నేనే ఉత్తరం రాస్తానన్నాడు. "నో రాన్. మై వైఫ్ నాట్ లైకింగ్" అన్నాడు నాన్న. ఆ రైఫిలు పక్క ఊరి కుర్ర రైతొకడు కొనుక్కెళ్ళాడు. రాన్ వెళ్ళిపోయాడు. నాన్న లాండ్రీ గోడ మీది కాగితాలు పీకేశాడు. నేననుకున్నట్టు శనివారాలు ఇంట్లోనే ఉన్నాడు. హీటరు ముందు కుర్చీలో, మూగ టీవీ చూస్తూ, అక్షరాలు కూడా చదవకుండా. అమ్మతో గొడవ పడలేదు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు. అమ్మ డ్యూటీల వల్ల నిద్ర పాడవుతోందని చెప్పి నా గది పక్క చిన్న గదిలోకి మారాడు. ఆ మార్పు ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత వాళ్ళు కొనుక్కున్న ఇంట్లో కూడా.

మంగళవారం సాయంత్రం తారని మధ్యలో నడిపిస్తూ నీళ్ళ ఒడ్డున వెళ్తున్నప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. స్కూల్లో నవ్విన సంగతి దగ్గర్నుంచి చెక్కల ప్లేటు దాకా. నాన్న కోప్పడతాడనుకున్నాను. తార చెప్పు ఊడితే వంగి తొడిగి, అలాగే కాసేపు వంగి ఉండి, "నీకప్పుడు ఎన్నేళ్ళు?" అన్నాడు.

"పదిహేను నిండాయి."

"ఊఁ" అన్నాడు.

ఇంటికొచ్చాక ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఆ వేళకి అమ్మ డ్యూటీకి బయల్దేరబోతూ ఉంటుంది. కిటికీ తెరిచే ఉంది. "కరుణా, ఆ రోజు తుపాకీ లైసెన్సుకి వచ్చినాయన్ని నువ్వు ఏదో డౌట్ అడగబోయావంట కదా. ఏంటది?" అని అడిగాడు. పద్దెనిమిదేళ్ళలో ఎవ్వరూ అడగని ప్రశ్న. నాన్న ఫోను చెవికి ఆనించుకుని పెరట్లో రెండు చుట్లు తిరిగాడు. లోపలికొచ్చి, "గుర్తు లేదంట" అన్నాడు. ఆదివారం దాకా ఉంటానన్నవాడు గురువారం బస్సుకే వెళ్ళిపోయాడు. బస్సు దగ్గర తారకి ముద్దు పెట్టాడు. నా తల మీద చెయ్యి పెట్టలేదు. మర్చిపోయాడో, ఏమో.

ఈ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నాన్న పొద్దుటి పనికి వెళ్ళాడా, తిన్నాడా అంటూ నేను ఏవేవో అడిగాను. నాన్న ఇంటికొచ్చి తనకి అంతా చెప్పాడంది అమ్మ.

"ఆ ఒక్క ముక్కే ఇంత చేసిందా అమ్మలూ" అంది.

"సారీ అమ్మా."

"నువ్వు చిన్నపిల్లవి. ఆయనకి గుర్తు లేదని చెప్పానులే. గుర్తు లేకేం."

"ఏం అడగబోయావమ్మా?"

నవ్వింది, ఆ రోజు ఆయన ముందు నవ్వినట్టే. "ఒక ఇంట్లో ఇద్దరు లైసెన్సు తీసుకోవచ్చా అని. నేను కూడా నేర్చుకుందామనుకున్నాను. శనివారం నైటు లేనప్పుడు ఆయనతో వెళ్తే, రోజంతా ఆయనతో ఉన్నట్టుంటుంది కదా అని. ముందు ఆయన్నడిగితే నవ్వుతారని, ఆఫీసరునే అడిగి తెలుసుకుందామని." మళ్ళీ తనే, "ఇప్పుడవన్నీ ఎందుకులే. మీ నాన్నకి మాత్రం చెప్పకు. ఇన్నేళ్ళయ్యాక తెలిస్తే మనిషి తట్టుకోలేడు. మాటివ్వు" అంది.

మాటిచ్చాను. ఇచ్చి ఫోను పెట్టేశాక, అది నేనెంత సులువుగా ఇచ్చానో చూసుకుని భయమేసింది.

రేపు అమ్మకి పొద్దుటి డ్యూటీ, ఏడింటికే వెళ్ళిపోతుంది. నాన్న ఆరున్నరకి వచ్చి, టీ పెట్టుకుని, ఆవిడ వెళ్ళేదాకా తన గదిలోనే ఉంటాడు. ఏడుంబావుకి నాన్నకి ఫోన్ చేస్తాను. లేదు, ఆరున్నరకే చేస్తాను. ఆవిడ ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే.